బాస్ రాక్ మీద నల్లకళ్ల గానెట్లు

నార్త్ బెర్విక్ రేవు దాటగానే బాస్ రాక్ తెల్లగా మెరుస్తూ కనిపించింది. స్కాట్లాండ్ తూర్పు తీరంలో, సముద్రంలోంచి నూరు మీటర్లకు పైగా నిటారుగా లేచిన అగ్నిపర్వత శిల అది. ఆ తెలుపంతా గానెట్లనే సముద్రపక్షులు, వాటి రెట్టలు. ఈ పక్షులకు ప్రపంచంలోకెల్లా పెద్ద స్థావరం ఇదే. దగ్గరికి వెళ్లేకొద్దీ వాసన, అరుపులు ముంచెత్తాయి. గూళ్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఒక పక్షి మెడ చాపితే పక్కదాని ముక్కు తగులుతుంది.

2022 వేసవిలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఆ దగ్గరితనమే ప్రాణాల మీదికి తెచ్చింది. 2014లో ఇక్కడ 75 వేలకు పైగా గూటి స్థలాలు లెక్కపెట్టారు. 2023లో డ్రోన్‌తో లెక్కిస్తే దాదాపు 52 వేలే తేలాయి. కొండవాలులో ఖాళీగా ఉన్న రాతి చప్టాలు పడవలోంచి చూస్తుంటే ఆ అంకెల బరువు తెలిసింది.

ఇలాంటి చోట వలస పక్షులే రోగం మోసుకొచ్చాయని తేలిగ్గా అనేస్తారు. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. అడవి బాతుల పేగుల్లో ఫ్లూ వైరస్‌లు ఎప్పటినుంచో ఉన్నాయి. రెట్టతో నీళ్లలో కలిసి ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతాయి. బాతులకు మాత్రం సాధారణంగా పెద్ద జబ్బేమీ చేయదు. ఇప్పుడు చంపుతున్న రకం మూలాలు 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో, మనుషులు పెంచిన హంసబాతుల్లో బయటపడ్డాయి. పెంపుడు పక్షుల మందల్లో ముదిరి, మళ్లీ అడవి పక్షులకు అంటుకుంది. 2005లో చైనాలోనే చింఘాయ్ సరస్సు దగ్గర వేల పక్షులు, ముఖ్యంగా బార్‌హెడెడ్ హంసబాతులు చనిపోయాయి.

పడవ పక్కనే ఒక గానెట్ ఎగురుతూ వచ్చింది. బైనాక్యులర్స్‌లో చూస్తే కన్ను పూర్తిగా నలుపు! మామూలుగా వీటి కనుపాప చుట్టూ లేత నీలం ఉంటుంది. ఫ్లూ సోకి బతికినవాటిలో ఆ రంగు నల్లబడుతోందని ఇక్కడి పరిశోధకులు గుర్తించారు. రక్త పరీక్షలో ఫ్లూ యాంటీబాడీలు కనిపించిన 8 పక్షుల్లో 7 నల్లకళ్లవే. పడవ పక్కన ఎగిరిన ఆ పక్షిని చూసినప్పుడు నాకు పట్టలేనంత సంతోషం వేసింది. రోగాన్ని గెలిచి, ఇంకా చేపల వేటకు వెళ్తోంది కదా!

ఆ ఖాళీలు ఎప్పటికి నిండుతాయని పడవ నడిపే ఆయన్ని అడిగాను. గానెట్ ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుందని, పిల్ల పెరిగి గూడు కట్టే వయసుకు రావడానికి అయిదేళ్లు పడుతుందని చెప్పి, పడవను రేవు వైపు తిప్పాడాయన.