బైపాస్: ఎముక కోసి చేసేది, పక్కటెముకల సందులోంచి చేసేది
గుండెకు రక్తం అందించే మూడు నాళాలూ పూడుకుపోయి, పైగా షుగర్ ఉండడంతో స్టెంట్ల కంటే బైపాసే మేలన్నారు. అంటే ఒంట్లో వేరే చోటి నాళాన్ని తెచ్చి, పూడిక దాటాక కుట్టి, రక్తానికి కొత్త దారి వేయడం. నాకు చేసింది పాత పద్ధతే. రొమ్ము ఎముకను నిలువునా కోస్తారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, ఆ సేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషీన్‌కి రక్తాన్ని మళ్లిస్తారు. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనికి (బృహద్ధమనికి) క్లాంపు వేసి, పొటాషియం ఎక్కువున్న ద్రావణంతో గుండెను ఆపేస్తారు. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల నాళానికి వెంట్రుకంత దారంతో కుట్టు పడాలి కదా, కదలని గుండె మీద అది కుదురుగా పడుతుంది.

బీటింగ్ హార్ట్ పద్ధతిలో గుండెను ఆపరు, కుట్టే చోటును మాత్రం స్టెబిలైజర్‌తో కదలకుండా పట్టి ఉంచుతారు. బృహద్ధమనిలో సున్నం పేరుకున్నవాళ్లకు క్లాంపు వేస్తే పెళ్లలు ఊడి మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. అలాంటివాళ్లకు ఇది నయం, చేసే సర్జన్‌కి రోజూ అలవాటైన పనైతేనే.

చిన్న కోత బైపాస్‌లో ఎడమ పక్కటెముకల సందున 6–8 సెంటీమీటర్లే కోస్తారు. ఎముక కోయరు కాబట్టి త్వరగా పనుల్లో పడొచ్చు. అయితే పక్కటెముకలను ఎడం చేస్తారు గనక మొదట్లో నొప్పి తక్కువేమీ ఉండదు. అన్ని నాళాలూ అందులోంచి అందకపోవచ్చు కూడా.

నా మటుకు కోత సైజు కంటే ముందు సర్జన్‌ని అడగాల్సింది, గుండె ముందువైపు పెద్ద నాళానికి ఏది కలుపుతారని. రొమ్ము లోపలి ఎడమ ధమని కలిపితే పదేళ్లకి కూడా నూటికి తొంభై దాకా తెరిచే ఉంటాయి. కాలి నుంచి తీసిన సిరలు అప్పటికి సగం దాకా మూసుకుపోతాయి.

కోసిన ఎముకను స్టీలు తీగలతో బిగిస్తారు, అతకడానికి 6 నుంచి 12 వారాలు. మంచం మీంచి చేతులూని లేవకూడదు. పక్కకి ఒత్తిగిలి, రెండు కాళ్లూ కిందికి దించుతూ ఒళ్లంతా ఒకేసారి లేపాలి. దగ్గొస్తే దిండును రొమ్ముకి గట్టిగా అదుముకోవాలి. నిండు బిందె, గ్యాస్ బండ జోలికి అసలు పోవద్దు. కదిలినప్పుడు ఎముక టక్కుమన్నా, కోత దగ్గర చీము కారినా, జ్వరమొచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ అదుపులో లేనివాళ్లకి ఎక్కువగా చెడేది ఇక్కడే. రెండో మూడో రోజు గుండె లయ తప్పడం మామూలే, చాలామందికి మందులతో సర్దుకుంటుంది. సిర తీసిన కాలికి వాపు వారాల తరబడి ఉంటుంది, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి.

రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ జీవితాంతం వాడాలి. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా కార్డియాలజిస్టుని అడగకుండా ఆపొద్దు.