ఇంప్లాంట్లతో స్కూబా డైవింగా?

"అంత లోతుకి వెళ్తే ఆ ప్రెషర్‌కి అది పేలిపోదూ?" అని మా అక్క అడిగేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత సిలికాన్ ఇంప్లాంట్ పెట్టించుకుని రెండేళ్లయింది, సిలిండర్‌తో గాలి పీలుస్తూ సముద్రం లోతుకి దిగే స్కూబా డైవింగ్ కోసం అండమాన్‌లో హావ్‌లాక్ దీవికి వెళ్లడానికి టికెట్లు కూడా తీసేసుకున్నాం, ఇక అప్పుడు మొదలైంది టెన్షన్.

పది మీటర్ల లోతులో ప్రెషర్ ఒడ్డు మీద ఉన్నదానికి రెట్టింపవుతుంది, నిజమే. కానీ నలిగేది గాలి. ఇంప్లాంట్‌లో నింపే సిలికాన్ జెల్ గానీ సెలైన్ (ఉప్పునీళ్లు) గానీ దాదాపు నలగవు. 1980ల్లో అమెరికాలో ఇంప్లాంట్లను ప్రెషర్ ఛాంబర్‌లో పెట్టి మరీ చూశారు: ఒంట్లో లాగే జెల్‌లోనూ గాలిలోని నైట్రోజన్ కరిగి, ప్రెషర్ తగ్గాక చిన్న చిన్న బుడగలు కట్టింది, మామూలు సరదా డైవ్‌ల స్థాయిలో ఇంప్లాంట్ సైజు పెరిగింది 1 నుంచి 4 శాతమే. ఆ బుడగలు కూడా మెల్లగా పోతాయి. అక్కకి ఇదంతా చెప్తే "నీ ఇష్టం" అంది, అంటే నమ్మలేదని.

అసలు చూసుకోవాల్సింది గాయం పూర్తిగా మానిందా లేదా అన్నది. సర్జన్ సరేననకుండా బరువైన సిలిండర్ మోయకూడదు. డైవింగ్ వాళ్లిచ్చే మెడికల్ ఫారంలో ఆపరేషన్ సంగతి దాచకూడదు (సిగ్గెందుకు?). ఇంప్లాంట్ వల్ల నీళ్లలో తేలే తీరు కాస్త మారొచ్చు, కాబట్టి మునగడానికి కట్టుకునే బెల్టులో బరువులు సరిచూసుకోవాలి. నన్ను ఇబ్బంది పెట్టింది మాత్రం డైవింగ్ జాకెట్ ఛాతీ పట్టీ, వదులు చేయించుకున్నాక హాయిగా దిగాను.