టీ దగ్గర తీసుకున్న నిర్ణయం

హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో తొమ్మిది మంది బృందానికి నేను లీడ్‌ని. ఏడుగురికి తెలుగు మాతృభాష. మిగిలిన ఇద్దరిలో ఒకరిది గువాహటి, మరొకరిది కోజికోడ్.

రెండేళ్ల క్రితం ఒక శుక్రవారం రాత్రి మేము విడుదల చేసిన మార్పు వల్ల కొందరు ఖాతాదారులకు ఒకే బిల్లు రెండుసార్లు పడింది. తెల్లవారేదాకా కూర్చుని సరిచేశాం. సోమవారం కారణాలు వెతుకుతుంటే గువాహటి అమ్మాయి తన నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టింది. ఆ లోపాన్ని ఆమె మంగళవారమే గమనించి, తేదీ వేసి, పెన్సిల్‌తో రాసుకుంది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అప్పటికే అందరూ కలిసి నిర్ణయించేశారనుకున్నాను" అంది. ఆమె అనుకున్నది నిజమే. ఆ మార్పును విడుదల చేయాలన్న నిర్ణయం అంతకుముందు సోమవారం సాయంత్రం టీ తాగుతూ తెలుగులో మాట్లాడుకున్నప్పుడే జరిగిపోయింది. మరునాటి సమావేశంలో నేను దాన్ని ప్రకటించానంతే.

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో దొర్లే పొరపాట్లను పరిశీలించి 1996లో ప్రచురించిన అధ్యయనం ఆ తరువాతే చదివాను. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహించారు. లెక్కల్లో మాత్రం అవే ఎక్కువగా కనిపించాయి. అక్కడి నర్సులు భయపడకుండా పొరపాటును బయటపెట్టగలగడమే దానికి కారణమని ఆమె భావించారు. గూగుల్ కూడా 2012లో మొదలుపెట్టి 180కి పైగా బృందాలను పరిశీలించాక, బృందంలో ఎవరున్నారన్న దానికంటే వాళ్లు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతున్నారన్నదే ముఖ్యమని తేల్చింది.

తెలుగులో మాట్లాడుకోవడం తప్పని నేను ఎన్నటికీ అనను. రోజంతా ఇంగ్లీషుతో గడిపేవాళ్లకు టీ దగ్గరి ఆ పది నిమిషాలు ఎంతో అవసరం. కానీ అక్కడ ఏదైనా తేలితే, అదే రోజు అందరికీ తెలిసిన భాషలో గ్రూపులో రాసి, అభ్యంతరాలకు ఒక రోజు గడువు ఇస్తున్నాం. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని నేర్చుకుంటూ పెరిగినవాళ్లమే మనలో ఎక్కువమంది కాబట్టి, లీడ్ ముందే అభిప్రాయం చెప్పేస్తే ఇక చర్చ ఉండదు. అందుకే సమావేశంలో కొత్తగా చేరినవారు మొదట మాట్లాడతారు, నేను చివర మాట్లాడతాను. సాయంత్రం ఆరున్నరకు జరిగే సమావేశాన్ని ఉదయం పదకొండుకు మార్చాం. పిల్లలను తీసుకురావడానికి త్వరగా వెళ్లే ఇద్దరు ఇప్పుడు మధ్యలో లేచి వెళ్లనక్కర్లేదు.

గువాహటి అమ్మాయి గత నెల ఒక విడుదలను ఆపమని అందరి ముందూ గట్టిగా చెప్పింది, ఆపాం. కోజికోడ్ అబ్బాయి మాత్రం సమావేశంలో ఇప్పటికీ ఎవరినీ కాదనడు. అతనితో ప్రతి గురువారం అరగంట విడిగా కూర్చుంటున్నాను. మొన్న మొదటిసారి, నేను వేసిన గడువు సరిపోదని చెప్పాడు.