వేలు పైకి చూపించిందా, కిందకా?

పదకొండు దాటింది. రేపు శనివారం కదా అని కూర్చున్నాను గానీ, మామూలు రోజైతే ఈపాటికి లైట్లు ఆర్పేసి ఉండేదాన్ని. రాస్తే తప్ప ఇది నన్ను పడుకోనిచ్చేలా లేదు.

చిన్నాడు ఇవాళ అల్లాదీన్ గేమ్ పూర్తి చేసేశాడు. మొత్తం, మొదట్లో వచ్చే మార్కెట్ నుంచి చివరి విలన్ జాఫర్ దాకా. స్కూలు నుంచి వచ్చి, పాలు తాగి టీవీ ముందు కూర్చున్నాడు. నేను పప్పు తాలింపు పెట్టి, వేపుడు దింపి హాల్లోకి వచ్చేసరికి "అమ్మా, జాఫర్ చచ్చిపోయాడు, అయిపోయింది" అన్నాడు. ఆ అనడం ఎలా ఉందంటే, అన్నం తినేసి కంచం సింకులో పడేసినట్టు. ఆ వెంటనే "ఇంకేం గేమ్ ఉందమ్మా?"

అది నా గేమ్. నా పుట్టినరోజుకి ఆయన కొన్నది. నేనింకా సుల్తాను చెరసాల కూడా దాటలేదు. వాడు నాకంటే ముందు దాటాడన్న బాధ నిజంగా లేదు నాకు. దాటిన పద్ధతే మింగుడుపడటం లేదు. 2019లో ఈ పాత ఆటల్ని మళ్ళీ విడుదల చేసినప్పుడు ఒక సౌకర్యం చేర్చారు. బటన్ నొక్కి పట్టుకుంటే ఆట వెనక్కి నడుస్తుంది. రాయి తగిలి పడిపోయిన అల్లాదీన్ లేచి, వెనక్కి ఎగిరి, రాయి తగలకముందు ఎక్కడున్నాడో అక్కడికి వెళ్ళి నిలబడతాడు. మళ్ళీ ఆడు. మళ్ళీ తగిలిందా, మళ్ళీ వెనక్కి. ప్రాణాలు లెక్కపెట్టుకోవక్కర్లేదు. వాడి ఆటలో పైన మూల అద్భుతదీపం నుంచి వచ్చే పొగ ఎప్పుడూ పొడుగ్గానే ఉంది. మా చిన్నప్పుడు ఆ పొగే మా ప్రాణం. ఒక్కో దెబ్బకీ కుంచించుకుపోయేది. అది చిటికెన వేలంత అయ్యేసరికి మా అక్క ఊపిరి బిగబట్టేది.

"అలా వెనక్కి తిప్పితే గెలిచినట్టెలా అవుతుందిరా?" అన్నాను. గట్టిగానే అన్నాను. వాడు బిత్తరపోయి చూశాడు. "బటన్ వాళ్ళే ఇచ్చారు కదమ్మా" అన్నాడు. వాళ్ళే ఇచ్చారు, నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. అన్నానికి రమ్మని పిలిచాను.

అప్పటినుంచీ బుర్రలో తణుకు తిరుగుతోంది.

1997 వేసవి. తణుకులో బట్టల కొట్టు పైన మావయ్య కంప్యూటర్ సెంటరు. నాలుగు కంప్యూటర్లు, అందులో రంగుల మానిటర్ ఒక్కటే. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. ఐదింటి బ్యాచ్ వాళ్ళు లోటస్ అనే లెక్కల ప్రోగ్రాం నేర్చుకుని వెళ్ళిపోయాక, మావయ్య ఆ రోజు ఫీజుల పుస్తకం రాసుకుని ముగించేదాకా రంగుల మానిటర్ మాది. నల్ల తెర మీద ఫోల్డరు మార్చే సీడీ అన్న ఆజ్ఞ కొట్టి, స్పేస్ ఇచ్చి, ఏ ఎల్ ఏ డబుల్ డి ఐ ఎన్. నేను ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాయడం నేర్చుకున్న మొదటి పెద్ద మాట అదేనేమో.

కీబోర్డు ఒకటే, మేమిద్దరం. కాబట్టి పంచుకున్నాం. బాణాల కీలు అక్కవి. గెంతడం, కత్తి, యాపిల్ కాయ విసరడం నావి. అక్క "గెంతు" అంటే గెంతించాలి, "కాయ" అంటే విసరాలి, "కత్తి" అంటే తిప్పాలి. నిప్పుల మీద ఒట్టి పాదాలతో అల్లాదీన్ గంతులేస్తుంటే అక్క "గెంతు గెంతు గెంతు" అని ఒకటే అరుపు, ఫీజుల పుస్తకంలోంచి మావయ్య తలెత్తేవాడు. లావుపాటి భటుడికి దెబ్బ తగిలి పైజామా జారిపోతే ముగ్గురం నవ్వేవాళ్ళం. ఒంటె మూపురం మీద దూకితే అది తుపుక్కున ఉమ్మేది. అది చూడ్డానికే ఒక్కోరోజు అక్కడే నాలుగైదు సార్లు దూకించేదాన్ని, అక్క మోచేత్తో పొడిచేది.

ఆ కంప్యూటర్లో సౌండ్ కార్డు లేదు. ఆట మూగగా నడిచేది. అల్లాదీన్‌కి సంగీతం ఉందని మాకు తెలియనే తెలియదు. బజారులో అక్క తనకి తోచిన పాట తీసేది, చెరసాలకి వచ్చేసరికి గొంతు తగ్గించి ఏదో భజన. ఇవాళ చిన్నాడు ఆడుతుంటే సినిమాలోని బాణీలు చక్కగా మోగుతున్నాయి, వంటింట్లోకి వినిపించాయి. మంచి సంగీతమే. కానీ నాకు ప్రతి స్టేజీలోనూ అక్క గొంతు ఉండాల్సిన చోట ఇంకేదో ఉన్నట్టు అనిపించింది.

ఏడో స్టేజీ ఉందే, కార్పెట్ మీద ఎగిరేది. గుహ కూలిపోతుంటే కింద లావా, ఎదురుగా బండలు దూసుకొస్తుంటాయి. అక్కడ గెంతడం లేదు, కత్తి లేదు, కాయ లేదు. పైకీ కిందకీ కదలడమే. అంటే నాకు పనే లేదు. కానీ బండ వచ్చేముందు ఒక చెయ్యి కనిపించి వేలితో పైకో కిందకో చూపిస్తుంది. అమ్మమ్మ చెప్పిన అల్లావుద్దీన్ కథలో దీపం భూతం ఉంటుంది కదా, ఆ చెయ్యి దానిదే అనుకునేవాళ్ళం. భూతం వేలు చదివి చెప్పే ఉద్యోగం అక్క నాకిచ్చింది. "నేను బండల్ని చూస్తా, నువ్వు వేలు చూసి అరువు." నాకు పదేళ్ళు. అంత పెద్ద బాధ్యత నాకు అప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

ఆ వేసవంతా కలిపి ఆ స్టేజీకి ఓ పదిసార్లు వెళ్ళుంటామేమో. రోజూ మార్కెట్ నుంచే మొదలు. సగం రోజులు చెరసాలలోనే అయిపోయేది, కొన్ని రోజులు ఆట మధ్యలోనే కరెంటు పోయేది. మానిటర్ మధ్యలో ఒక చుక్కగా ముడుచుకుని ఆరిపోయేది, మేం ఆ చుక్క పోయేదాకా చూసేవాళ్ళం.

చివరి రోజు. మర్నాడు అక్కని ఇంటర్ హాస్టల్లో వెయ్యాలి. ట్రంకు పెట్టె సర్దేశారు, బకెట్టు మీద పేరు రాయించారు. కార్పెట్ స్టేజీకి వచ్చేసరికి మూడు ప్రాణాలు. రెండు పోయాయి. మూడోదాంతో ఎప్పుడూ వెళ్ళనంత దూరం వెళ్ళాం. బండలు ఎంత వేగంగా వస్తున్నాయంటే నా అరుపుకీ అక్క వేలికీ మధ్య జాగా లేదు. పైకి, కిందకి, కిందకి, పైకి, కిందకి, పైకి. ఆ ఆఖరి "పైకి" దగ్గర బండ తగిలింది.

"కిందకి చూపించింది, నువ్వు పైకి అన్నావు" అంది అక్క.

"పైకే చూపించింది" అన్నాను నేను.

"నీకు పైకీ కిందకీ తేడా తెలీదే" అంది. లేచి మెట్లు దిగిపోయింది. చెప్పులు వేసుకోకుండానే. మావయ్య ఆ చెప్పులు పట్టుకుని వెనకాల వెళ్ళాడు. మర్నాడు పొద్దున బస్సు ఎక్కేటప్పుడు అందరికీ చెప్పింది, నాకు చెప్పలేదు. దసరా సెలవలకి వచ్చేసరికి తను వేరే మనిషిలా ఉంది, నోట్లో ఎప్పుడూ ఫార్ములాలే. మావయ్య ఆ సెంటరు ఎత్తేశాడు. ఆ స్టేజీ మేం దాటలేదు.

అందుకే నాకు ఆ బటన్ మీద అంత కోపం వచ్చిందని రాద్దామనుకున్నాను. పోయిన ప్రాణం పోయినట్టే, ఆఖరి రోజు ఆఖరి రోజే, ఆటంటే అదీ అని. ఇక్కడిదాకా రాశాక అది నిజమేనా అని అనుమానం వస్తోంది.

ఎందుకంటే వాడు కూర వేగుతున్నప్పుడు ఆడిన తీరు నేను మధ్యలో ఒకసారి చూశాను. కార్పెట్ స్టేజీలో ఒకే బండ దగ్గర వెనక్కి తిప్పుతున్నాడు, ఆడుతున్నాడు, తిప్పుతున్నాడు. నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, కన్నార్పకుండా. పాతికసార్లకి తక్కువుండదు. మేం వేసవంతా కలిపి ఆడినన్ని సార్లు వాడు పావుగంటలో ఆ బండని ఎదుర్కొన్నాడు. అది తేలిగ్గా గెలవడం అని నేనెలా అనగలను?

ఇంకోటి. భటుడి పైజామా జారినచోట వాడు కావాలనే ఆగి, వెనక్కి తిప్పాడు. పైజామా పైకి పాకుతూ నడుముకి చేరింది. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. పడీపడీ నవ్వాడు. ఆ బొమ్మలు డిస్నీ బొమ్మలవాళ్ళు సినిమాకి గీసినట్టే కాగితం మీద చేత్తో గీసినవి. 1992లో సినిమా వచ్చింది, 1993లో సేగా గేమ్ మెషిన్ కోసం డేవిడ్ పెర్రీ బృందం ఆట చేసింది. గీసిన ఒక్కో బొమ్మనీ కంప్యూటర్లోకి ఎక్కించి, మెషిన్ తట్టుకునేంత చిన్నగా, లెక్కపెట్టిన రంగుల్లోకి కుదించారు. అదే ఆట తర్వాతి ఏడాది డాస్‌కి, అంటే ఆ నల్ల తెర కంప్యూటర్లకి, వచ్చి తణుకు దాకా చేరింది. అదే 1993లో నింటెండో గేమ్ మెషిన్‌కి క్యాప్‌కామ్ కంపెనీ వాళ్ళు వేరేగా ఇంకో అల్లాదీన్ చేశారు, దాన్ని డిజైన్ చేసినాయన షింజి మికామి, అందులో కత్తే లేదు. అది కూడా బాగుంటుందంటారు. నాకైతే కత్తి లేని అల్లాదీన్ అల్లాదీన్ కాదు, ఈ విషయంలో మాత్రం నా మనసు మారదు. ఇంతకీ చెప్పొచ్చేదేమంటే, అల్లాదీన్ దూకి నేల మీద దిగేటప్పుడు మోకాళ్ళు వంగడం, ఆగినప్పుడు యాపిల్ కాయ ఎగరేసి పట్టుకోవడం, ఇవన్నీ ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ గీశారు. ఆ వంగిన మోకాళ్ళని నేను ఎప్పుడైనా చూశానా? నా చూపంతా దీపం పొగ మీదే. చిన్నాడు చూశాడు. భయం లేదు కాబట్టి చూడగలిగాడు.

వాడి మీద అలా అరవకుండా ఉండాల్సింది.

అన్నాలయ్యాక వాడు పడుకున్నాడు. నేను గేమ్ ఆడే స్విచ్ మెషిన్ తీశాను. ఈ కొత్త విడుదలలో ఇంకో సంగతి ఉంది, ఆట దానంతటదే ఆడుకుంటూ ఉంటే మనం సినిమాలా చూడొచ్చు, కావాలన్నచోట ఆపొచ్చు, మధ్యలో మనమే ఆట అందుకోవచ్చు. కార్పెట్ స్టేజీకి వెళ్ళాను. టీవీ సౌండ్ తీసేశాను. వేలు చూస్తూ కూర్చున్నాను. పైకి. కిందకి. బండలు జోరందుకున్నచోట ఆపి వెనక్కి తిప్పాను. మళ్ళీ చూశాను. ఆ రోజు మాకు తగిలిన బండ ఏదో కనిపెడితే, వేలు ఎటు చూపించిందో తేలిపోతుంది కదా. అరగంట అలా తిప్పుతూనే ఉన్నాను. ఏ బండో తెలియలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. నా జ్ఞాపకంలో అది పెద్దది, కొంచెం ఎర్రగా ఉండాలి. అలాంటిది అందులో లేదు.

ఆగలేక అక్కకి ఫోన్ చేశాను. డల్లాస్‌లో మధ్యాహ్నం, లంచ్ టైము. "అక్కా, కార్పెట్ స్టేజీ గుర్తుందా?" అన్నాను. "ఏ కార్పెట్టే?" అంది. చెప్పాను. అల్లాదీన్ గుర్తుంది, మావయ్య సెంటరు గుర్తుంది, ఒంటె గుర్తుంది. కార్పెట్ గుర్తులేదు. హాస్టల్‌కి వెళ్ళేముందు పోట్లాడుకున్న సంగతి అసలే గుర్తులేదు. "నేను నీతో మాట్లాడకుండా బస్సెక్కానా? ఛ, నేనెందుకలా చేస్తానే" అంది. ఆ మాట ఎంత ప్రేమగా అందో చెప్పలేను. అయినా ఫోన్ పెట్టేశాక కళ్ళలో నీళ్ళొచ్చాయి. నేనొక్కదాన్నే మోసుకొచ్చానా ఇన్నేళ్ళూ? తను దసరాకి వచ్చినప్పుడు మాట్లాడకపోతే, ఇంకా నా మీద కోపం పోలేదనుకున్నానే. అది కోపం కాదన్నమాట. చదువు భారమేనేమో. ఆ హాస్టల్లో తెల్లారకుండానే లేపి కూర్చోబెట్టేవాళ్ళని పెళ్ళయ్యాక ఎప్పుడో చెప్పింది. పదహారేళ్ళ పిల్ల. నేను అప్పుడు ఆ సంగతి ఆలోచించలేదు, బండ గురించే ఆలోచించాను.

ఇది రాస్తుండగానే అక్క మెసేజ్ పెట్టింది. "కార్పెట్ ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదే. కానీ స్పేస్ బార్ కింద చింతగింజ ఇరుక్కుంది చూడు, నువ్వు నొక్కితే కిర్రుమనేది, మావయ్య పిన్నీసుతో తీశాడు. అది నీ జేబులోంచే పడింది."

నాకు చింతగింజ గుర్తులేదు. ఎంత గుర్తుచేసుకున్నా రావట్లేదు. ఆ కిర్రుమనే చప్పుడు కూడా లేదు. మూగ కంప్యూటర్ అనే అనుకుంటూ వచ్చాను, నా చేతి కిందే చప్పుడొకటి ఉండేదట.

రేపు పొద్దున చిన్నాడిని అడగాలి. కార్పెట్ స్టేజీ ఒక్కసారి వెనక్కి తిప్పకుండా ఆడదామని. బాణాలు వాడివి. వేలు చూసి చెప్పేది నేను.