గుబిలి, తామర, వరిబీజం: ఎస్‌ఎస్‌బీ మెడికల్‌కి ముందు గోదావరి డెల్టా కుర్రాళ్లు చూసుకోవాల్సినవి

ఆర్మీ ఆఫీసర్లని ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూలో ఆఖరి రోజు, ఎంపికైనవాళ్ల చెస్ట్ నంబరు పిలిచాక ఇంటికొచ్చి తయారయ్యే వ్యవధి ఉండదు. రికమెండ్ అయినవాళ్లని అక్కడే ఆపేసి మిలటరీ ఆసుపత్రికి పంపుతారు. మెడికల్ నాలుగైదు రోజులు సాగుతుంది. అందుకే రాత పరీక్ష అయ్యాక ఎస్‌ఎస్‌బీ దాకా ఉండే నెలల్లోనే ఒంటి సంగతి చూసుకోవాలి. ఆ నెలలన్నీ ఇంగ్లీషు మాట్లాడ్డానికీ పరుగుకీ ఇచ్చేసి, చెవిలో గుబిలితో వెళ్లి ఆగిపోయేవాళ్లుంటారు.

మెడికల్ బోర్డు వద్దంటే అది టెంపరరీ రిజెక్షనైనా, పర్మనెంట్ రిజెక్షనైనా, అప్పీల్ మెడికల్ బోర్డుకి 42 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులో గుబిలి తీయించుకోవచ్చు, మూడు నాలుగు కేజీలు తగ్గొచ్చు. హెర్నియా అలా కాదు. ఆపరేషనయ్యి ఆరు నెలలు నిండితే గానీ ఫిట్ ఇవ్వరు. అప్పీల్లోనూ పోతే రివ్యూ బోర్డు ఉంది గానీ అది మన హక్కు కాదు, సైనిక వైద్య సేవల అధిపతి డీజీఏఎఫ్‌ఎంఎస్ ఒప్పుకుంటేనే.

చెవుల సంగతికొస్తే, కాలవల్లో ఈతలు కొట్టి పెరిగిన ఊళ్లు మనవి. నీళ్లు చేరి గుబిలి ఉబ్బడం, చెవిలో ఫంగస్ పట్టడం ఇక్కడ మామూలే. దురదకి కాచిన నూనె పోస్తారు, బడ్స్ పెట్టి తిప్పుతారు. బడ్ గుబిలిని బయటికి తేదు, ఇంకా లోపలికి నెట్టి కర్ణభేరి పొరకి అంటిస్తుంది. గుబిలి అడ్డుంటే డాక్టరుకి కర్ణభేరి కనపడదు, కనపడకపోతే ఫిట్ రాయడు. ఈఎన్‌టీ దగ్గరికెళ్లి, గట్టిపడి ఉంటే మూడు నాలుగు రోజులు కరిగించే చుక్కలు వేసి, తర్వాత సక్షన్‌తో తీయించుకోవాలి. ఈ పని ఎస్‌ఎస్‌బీకి నెల ముందు ఒకసారి, బయల్దేరే వారం ఒకసారి. మధ్యలో కాలవలో దూకడం మానాలి. తీసేటప్పుడు పొరకి చిల్లుందని తెలిస్తే అప్పుడే తెలియడం మంచిది, అది చుక్కలతో పోయేది కాదు. వినికిడిని 610 సెంటీమీటర్లు, అంటే 20 అడుగుల దూరం నుంచి, మనం వీపు తిప్పి నిలబడితే గుసగుసగా మాట్లాడి, ఒక్కో చెవికీ విడిగా చూస్తారు. ఇంటి వరండాలో తమ్ముణ్ణి నిలబెట్టి ముందే చూసుకోవచ్చు.

తామర ఇంకా పెద్ద తలనొప్పి. ఉక్కపోత, ఆరని లోదుస్తులు, వానాకాలం నెలల తరబడి తేమ. గజ్జల్లో దురద మొదలవగానే మందుల షాపుకెళ్లి అడిగితే చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, దాంతో నయమైందనుకుంటాం. ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. ఆపగానే రెట్టింపై వస్తుంది, చర్మం పలచబడి చారలు కడుతుంది. ఆ చారలు మళ్లీ పోవు. చర్మ డాక్టరు రాసిన మందు కనీసం నాలుగు వారాలు, మచ్చ పోయాక కూడా మరి కొన్నాళ్లు వాడాలి. బట్టలు వేణ్ణీళ్లలో ఉతికి తిరగేసి ఎండలో ఆరెయ్యాలి, ఎండ లేకపోతే ఇస్త్రీ చెయ్యాలి. ఇంట్లో ఇంకొకరికి ఉంటే వాళ్లకీ వైద్యం చేయించాలి, లేకపోతే అదే తువ్వాలుతో మళ్లీ అంటుకుంటుంది.

వరిబీజం గురించి ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడతారు. బోదకాలు దోమలకి పేరుపడి, ఊరూరా బోదకాలు, వరిబీజం రాకుండా డీఈసీ మాత్రలు పంచిన జిల్లాలివి. వృషణాల సంచి ఒకవైపు బరువుగా, నీళ్లు నిండినట్టుంటే సర్జన్ దగ్గరికి వెళ్లండి. నిలబడినప్పుడు ఎడమవైపు నరాలు పురుగుల మూటలా తగిలితే వేరికోసిల్ కావచ్చు. రెండూ ఆపరేషన్‌తో సరయ్యేవే. బోర్డు ముందు ఎలాగూ బట్టలు విప్పి దగ్గమంటారు, దాచడం కుదరదు.

పళ్లకి ఒక లెక్క ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. పైదీ కిందదీ ఒకదానికొకటి ఆనే జతకే మార్కు. ముందు పళ్లు, కోరలు, చిన్న దవడ పళ్లు జతకి 1, పెద్ద దవడ పళ్లు జతకి 2, జ్ఞానదంతం పూర్తిగా ఎదిగితే 2, సరిగా ఎదగకపోతే 1. మొత్తం 32 ఉంటే 22 పాయింట్లు, కావాల్సింది 14. జ్ఞానదంతాలు రాని కుర్రాడికి 18. వేర్వేరు జతల్లో మూడు పెద్ద దవడ పళ్లు పీకించుకుంటే 12కి పడిపోతాడు. అందుకే పన్ను పుచ్చితే పీకించెయ్యకండి. చక్కగా ఫిల్లింగ్ చేయించిన పన్ను మంచి పన్ను కిందే లెక్క.

కళ్లజోడు మానడానికి చేయించుకునే లేసిక్ లేజర్ ఆపరేషన్ ఇంటర్‌తో వెళ్లే ఎన్‌డీఏకి కుదరదు. డిగ్రీతో వెళ్లే సీడీఎస్ వాళ్లకైతే 20 ఏళ్లు నిండాక చేయించుకుని 12 నెలలు గడవాలి, కార్నియా మందం 450 మైక్రాన్లకి తగ్గకూడదు, కంటి పొడవు 26 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ కొలతలు ఆపరేషన్‌కి ముందే అడగండి, తర్వాత అడిగి లాభం లేదు.

మోకాళ్లు ఆనించి నిలబడితే చీలమండల మధ్య ఎడం 5 సెంటీమీటర్లు మించకూడదు. తొడల కొవ్వు వల్ల వచ్చే ఎడం బరువు తగ్గితే తగ్గుతుంది. ఎముక వంపైతే దిండు పెట్టి కట్టుకున్నా ఎదుగుదల ఆగిన వయసులో మారదు, అలా సరిచేస్తామనే వీడియోలు నమ్మకండి. పాదం చదునుగా ఉన్నా, మునివేళ్ల మీద లేస్తే వంపు కనిపించి, నొప్పి లేకుండా పరిగెత్తగలిగితే భయం లేదు.

బరువు చార్టు ఎత్తునీ వయసునీ బట్టి ఉంటుంది, చిన్న వయసుకి ఇంకా గట్టి. వారానికి అరకేజీ, ముప్పావు కేజీ లెక్కన నెలల ముందే తగ్గాలి. తాపేశ్వరం కాజాలూ ఆత్రేయపురం పూతరేకులూ పెట్టె కట్టి ఇచ్చే చుట్టాలకి సర్దిచెప్పడం మీ పని. ఆఖరి రెండు రోజులు నీళ్లు మానేసి కాటా మోసం చేద్దామనుకుంటే నాడి పెరుగుతుంది, మూత్రం చిక్కబడుతుంది, దొరికిపోతారు.

రక్త పరీక్షకి ముందు రెండు మూడు రోజులు గట్టి వ్యాయామం ఆపాలి. కండరాలు అలిసినా లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరుగుతాయి, మూత్రంలో ప్రొటీన్ కనపడుతుంది. ఆడపిల్లలు నెలసరి రోజుల్లో మూత్రం ఇవ్వాల్సొస్తే ముందే చెప్పాలి. స్కానింగ్‌కి పరగడుపున, ఉచ్చ పట్టి వెళ్లాలి. పిత్తాశయంలో రాయి, కిడ్నీలో రాయి బయటపడేది అక్కడే, కనక కాకినాడలోనో రాజమండ్రిలోనో పొట్ట స్కాన్ ఒకటి ముందే తీయించుకోండి. బీపీ 140/90 దాటుతుంటే వారం రోజులు ఇంట్లో పొద్దునా సాయంత్రం కొలిచి రాసుకోండి. తెల్ల కోటు భయమా నిజం బీపీనా అన్నది ఆ కాగితం చూస్తే డాక్టరుకి తెలుస్తుంది.

ఏ ఆపరేషనైనా జరిగుంటే డిశ్చార్జ్ సమ్మరీ, లేసిక్ అయితే తేదీ, పద్ధతి, ముందటి పవరు రాసిన సర్టిఫికెట్టు ఒరిజినల్, రెండు జిరాక్సులతో విడి ఫైల్లో పెట్టి, రైల్లో పెద్ద బ్యాగులో కాకుండా చేతి సంచిలో ఉంచుకోండి.