స్టేషన్ నుంచి తెచ్చుకున్న రివాల్వర్‌ని బాగు చేసుకున్నా (నా అనుభవం)

2024 ఎన్నికలకి మార్చి 16న కోడ్ వచ్చింది. లైసెన్స్ ఉన్నవాళ్లు ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటే నేనూ వెళ్లి, రైటర్ దగ్గర రసీదు రాయించుకుని మా .32 రివాల్వర్ ఇచ్చేసి వచ్చా. జూన్ 4న కౌంటింగ్ అయిన కొన్నాళ్లకి తిరిగిచ్చారు. నేను చేసిన బుద్ధిలేని పని ఏంటంటే, తోలు ఒరతో సహా ఇచ్చేయడం. తోలు తేమ పీలుస్తుంది, పీల్చింది వదలదు, అందులో ఇనుము మూడు నెలలు పడుకుంటే ఏమవుతుందో అదే అయింది. ఇంటికొచ్చి బయటికి తీస్తే బ్యారెల్ పక్కన గోధుమ రంగు పొడి వేలికి అంటింది. స్టేషన్ వాళ్లని అనడానికి ఏమీ లేదు, నేను ఎట్లా ఇచ్చానో అట్లానే పెట్టారు.

ఇది కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ తయారీ, ఆరు రౌండ్లది, పాత వెబ్లీ రివాల్వర్ల మాదిరి పైన గొళ్లెం నొక్కితే నడుము దగ్గర విరిగినట్టు తెరుచుకుంటుంది. చిత్తూరు దగ్గర మా మామిడి తోపులో రాత్రి కాపలాకని నాయన తీసుకున్నాడు. 2016 ఆయుధాల నిబంధనల్లో లైసెన్సుదారుకి డెబ్బై ఏళ్లు వస్తే వారసుడి పేరు మీద అడగొచ్చని ఉంది, అట్లా నా పేరుకి వచ్చింది. ఇంతవరకూ మనిషి మీదికి గానీ జంతువు మీదికి గానీ ఎత్తింది లేదు, ఎత్తే అవసరం రాకూడదనే మొక్కుకుంటాం.

ఒక ఆదివారం వరండాలో పాత పేపర్లు పరుచుకుని కూర్చున్నా. తూటాలు లోపలి గదిలో బీరువాలో, తాళం నా మొలతాడుకి. ఖాళీ ఆయుధమని రసీదులో రాసుంది, అయినా రసీదుని నమ్మి వేలు పెట్టే పని కాదిది. తెరిచి తూటాలు పెట్టే ఆరు గదుల్లోకీ వెలుతురు పెట్టి చూశా, ఒక్కోదాని మీదా చిటికెన వేలి కొన పెట్టి తడిమి కూడా చూసుకున్నా. పిల్లల్ని అటు రావద్దన్నా.

ఆ ఆరు గదులుండే సిలిండర్ తిప్పితే బంకబంకగా కదిలింది. ఇదీ నా పుణ్యమే. రెండేళ్ల కిందట గన్ ఆయిల్ అయిపోయిందని కొబ్బరి నూనె రాశా. డిసెంబరు చలికి సీసాలో గడ్డ కడుతుంది కదా, తుపాకీలోనూ అంతే, పైగా దుమ్ము పట్టి జిగురైపోయింది. కిరసనాయిలు తడిపిన గుడ్డతో ఆ జిగురంతా కరిగించి తుడవడానికే గంట పట్టింది. కాల్చాక మిగిలే ఖాళీ తూటా గొట్టాల్ని బయటికి తోసే నక్షత్రం లాంటి బిళ్ల ఉంటుంది, దాన్ని పైకి లేపి కింద చూడాలి, చాలామంది చూడరు. అక్కడ ఆవగింజంత మడ్డి ఉన్నా బిళ్ల సరిగ్గా కూర్చోదు, సిలిండర్ బిగుసుకుంటుంది. పళ్లు తోముకునే పాత బ్రష్ అక్కడ బాగా పని చేసింది.

బ్యారెల్‌కి కడ్డీ చివర ఇత్తడి తీగల బ్రష్ బిగించి, వెనక నుంచి ముందుకి తోశా. ఈ రకం తెరుచుకుంటుంది కాబట్టి వెనక నుంచి పెట్టే వీలుంది, మూతి వైపు నుంచి కడ్డీ రుద్దుకుంటే ఆ అంచు అరిగి గురి చెడుతుంది. బ్రష్ అవతలికి పూర్తిగా వచ్చాకే వెనక్కి లాగాలి, మధ్యలోనే వెనక్కి లాగితే తీగలు వంగిపోతాయి. తర్వాత నాయన పాత పంచె ముక్కలు. మొదటి ముక్క బొగ్గు మసిలా వచ్చింది, ఏడో ఎనిమిదో ముక్కకి తెల్లగా వచ్చింది. ఆ మసిలో సీసం ఉంటుంది, మధ్యలో వక్కపలుకులు నోట్లో వేసుకునే అలవాటున్నవాళ్లు ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.

తుప్పు సంగతి. బ్యారెల్ మీదిది పైపైదే, నూనె రాసి నున్నటి స్టీల్ ఉన్నితో మెల్లగా రుద్దితే పోయింది. గట్టిగా రుద్దితే నల్ల పాలిష్ కూడా పోతుంది, జాగ్రత్త. ట్రిగ్గర్ పైన మాత్రం కందిగింజంత గుండ్రటి మచ్చ ఒకటి మొండికేసింది. అక్కడే ఎందుకా అని చాలాసేపు ఆలోచించా. చివరికి తెలిసింది, ప్రతి దసరాకీ ఆయుధ పూజలో నాయన గంధం, కుంకుమ బొట్టు పెట్టేది సరిగ్గా ఆ చోటే! తడి గంధం, దాన్ని తుడవకుండా ఒరలో పెట్టడం, ఇరవై ఏళ్లు. రాత్రంతా నూనెలో నాననిచ్చి తీస్తే తుప్పు పోయింది, చిన్న గుంట మిగిలింది. నాయనకి చూపిస్తే, "దేవుడి బొట్టు, ఉండనీరా" అన్నాడు.

ఇక గురి చూసుకునే సైటు. ముందు సైటు నల్లది, వెనక గాడీ నల్లదే, సాయంత్రం తోపు నీడలో రెండూ కలిసిపోతాయి. నాయన ఎప్పుడో సంక్రాంతికి ఎద్దుల కొమ్ములకి పూయగా మిగిలిన ఎర్ర రంగు దానికి పూశాడు, సగం రాలిపోయింది. నేను మా పాప నారింజ రంగు నెయిల్ పాలిష్ అడిగి తెచ్చి నేరుగా పూశా. గంట తర్వాత బొటనవేలితో తాకితే పాల మీద మీగడ లేచినట్టు మొత్తం లేచొచ్చింది. కింద నూనె ఉంది మరి.

రెండోసారి నెయిల్ పాలిష్ రిమూవర్‌తో పాత ఎరుపు, నూనె అన్నీ తుడిచి ఆరనిచ్చా. తర్వాత చీపురుపుల్ల మొనతో ముందు తెలుపు. నలుపు మీద నేరుగా నారింజ పూస్తే మట్టి రంగులా కనిపిస్తుంది, కింద తెలుపుంటేనే వెలుగుతుంది. తెలుపు ఆరాక నారింజ పలుచగా రెండు పూతలు, పూతకీ పూతకీ మధ్య అరగంట. చెయ్యి వణికి కొంచెం పై అంచు మీదికి ఎక్కింది. పోనీలే అనుకోకూడదు, ముందు సైటు ఎత్తు పెరిగితే గుండు కిందికి తగులుతుంది, పైగా అంచు మొద్దుబారితే గురి కుదరదు. ఐస్‌క్రీమ్ పుల్లతో గీకి, కంటివైపు ముఖం ఒక్కటే రంగుతో ఉంచా.

నాయన వెనక నిలబడి చూస్తా, "ఏందిరా అబ్బా, పెండ్లికూతురికి పూసినట్టు పూస్తా ఉండావు?" అన్నాడు. పొద్దుగూకేటప్పుడు ఖాళీ రివాల్వర్‌ని గోడకేసి పట్టి చూస్తే గాడి మధ్యలో నారింజ ముక్క దీపం వత్తిలా నిలబడింది. నాయన కూడా పట్టి చూశాడు, ఏమీ అనలేదు, ఇంకోసారి చూశాడు.

బయటంతా పలుచగా గన్ ఆయిల్, సైటు మీద మాత్రం వద్దు. తూటాలు పెట్టే గదులు పొడిగుడ్డతో తుడిచా, అక్కడ నూనె ఉంటే తూటా పాడవుతుంది. ఇప్పుడు నూనెగుడ్డలో చుట్టి బీరువాలో పెడతున్నా, ఒర మేకుకి వేలాడుతోంది. దసరాకి బొట్టు ఆ ఒరకే పెట్టాలని నాయనని ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. పాప మాత్రం సీసా సగం చేశావని కొత్తది అడుగుతోంది.