ఒకే నాణెం, రెండు కంపెనీల లెక్కలో

మొత్తానికి ఆ పాత నంబర్ తీసేశారు. నాణేల నాణ్యతకి మార్కులిచ్చే గ్రేడింగ్ కంపెనీ పాపులేషన్ రిపోర్ట్‌లో, అంటే ఏ గ్రేడ్‌లో ఎన్ని నాణేలు వచ్చాయో చెప్పే లెక్కలో, ఆ మోర్గాన్ డాలర్ (పాత అమెరికా వెండి నాణెం) వరుసలో అంకె ఒకటి తగ్గింది. ఈ చిన్న దిద్దుబాటు కోసం పడ్డ తిప్పలు మర్చిపోకముందే రాసేస్తున్నాను. ఆ అంకెల్ని నమ్మి వేలకు వేలు పెట్టేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

65 గ్రేడ్ మోర్గాన్ డాలర్ ఒకటి కొన్నాను. బేరం, డబ్బు కట్టడం, పార్సిల్ రావడం అన్నీ సాఫీగానే జరిగాయి. కవర్‌లో స్లాబ్‌తో (గ్రేడ్ చేసిన నాణేన్ని సీలు చేసే ప్లాస్టిక్ డబ్బా) పాటు వేరే కంపెనీ పాత లేబుల్ కూడా ఉంది. దాని మీద గ్రేడ్ 64. అంటే ఎవరో ఆ స్లాబ్ పగలగొట్టి, నాణేన్ని ఇంకో కంపెనీకి పంపి, ఒక పాయింట్ ఎక్కువ తెచ్చుకున్నారన్నమాట. అందులో తప్పేం లేదు, ఈ రంగంలో అందరూ చేసేదే. ఎందుకైనా మంచిదని పాత లేబుల్ నంబర్‌ని ఆ కంపెనీ సైట్‌లో కొట్టి చూశాను. ఫొటోతో సహా వచ్చింది. నాణెం మీది లిబర్టీ దేవత బుగ్గ మీద, కంటికి కాస్త కిందుగా, ఏటవాలుగా సన్నటి గీత. తేదీకి ఎడమ పక్క నక్షత్రాన్ని ఆనుకుని ఊదారంగు మచ్చ. నా చేతిలో ఉన్న నాణెం మీదా అవే, అక్కడే.

నాణెం ఒకటే. ఒక కంపెనీ లెక్కలో 64గా ఉంది, ఇంకో కంపెనీ లెక్కలో 65గా ఉంది. రెండు రిపోర్టులూ కూడితే రెండు నాణేలు!

అమెరికా నాణేల పరిశోధకుడు విలియం షెల్డన్ 1949లో ప్రకటించిన 70 పాయింట్ల స్కేలు మీదే ఈ కంపెనీల గ్రేడింగ్ అంతా నడుస్తోంది. వాడకంలోకి వెళ్ళని నాణేలకి 60 నుంచి 70 వరకు ఇస్తారు. కొన్ని నాణేల్లో 64కీ 65కీ మధ్య ధర తేడా చాలా ఎక్కువ. అందుకే అటూ ఇటూ కాని నాణేల్ని పగలగొట్టడం, మళ్ళీ పంపడం. పంపిన ప్రతిసారీ కొత్త నంబర్. పాత లేబుల్ తిరిగి పంపితేనే లెక్క సరిచేస్తారు, లేకపోతే ఓటర్ల జాబితాలో చనిపోయినవాళ్ళ పేర్లలా అలా ఉండిపోతుంది. లేబుల్ చెత్తబుట్టలో పడేసే డీలర్లంటే నాకు మంట. పోస్ట్‌లో వేయడానికి ఎంత ఖర్చవుతుంది?

నంబర్ తీసేయమని ఆ మొదటి కంపెనీకి మెయిల్ పెట్టాను. జవాబు లేదు. ఫోన్ చేస్తే, "ఆ నంబర్ మీ ఖాతాలో లేదు, నాణెం పంపినవాళ్ళే అడగాలి" అన్నారు. అమ్మినాయన్ని అడిగితే తనూ ఇంకొకరి దగ్గర కొన్నానన్నాడు. మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి, లేబుల్ నా దగ్గరుంటే సరిపోదట, నాణెం వాళ్ళ స్లాబ్‌లో లేదని రుజువు కావాలట. నాణెం ఇంకో కంపెనీ స్లాబ్‌లో నా కళ్ళ ముందు ఉంది, ఇంకేం రుజువు కావాలి? అయినా ఓపిక పట్టి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, ప్రతి గుర్తుకీ బాణం గీసి పంపాను.

తర్వాత సూపర్‌వైజర్ ఒకావిడ లైన్‌లోకి వచ్చింది. "పాపులేషన్ తగ్గితే మీ నాణెం ధర పెరుగుతుంది, అందుకే కదా ఇదంతా?" అంది. చెంప మీద కొట్టినట్టయింది. మీ దగ్గర తగ్గేది 64లో, నాది ఇంకో కంపెనీ 65, దానివల్ల నాకు రూపాయి కూడా లాభం లేదని నిదానంగా చెప్పాను. "అందరూ ఇలాగే చెప్తారు సార్" అని హోల్డ్‌లో పెట్టేసింది. వాళ్ళ రిపోర్ట్‌లో తప్పు దిద్దుదామని ఫోన్ చేసిన నేను దొంగనయ్యాను. ఆ మ్యూజిక్ వింటూ కూర్చున్నంతసేపూ ఒళ్ళు మండిపోయింది.

చివరికి పని చేసిపెట్టింది నాణేలు తెలిసినాయన. గ్రేడింగ్ విభాగంలో ఎవరో నా ఫొటోలు చూసి, "రెండూ ఒకటే, లేబుల్ పంపండి, తీసేస్తాం" అని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. ఆ బాణాలు గీసిన ఫొటోల వల్లే పని అయిందని గట్టిగా చెప్పగలను. రిపోర్టులు పెట్టి వ్యాపారం చేసే కంపెనీలకి ఉండాల్సిన శ్రద్ధ ఒక కొనుగోలుదారు చూపించాల్సి వచ్చింది.

ఇక ఆ అంకెల్ని ఎంతవరకు నమ్మాలి? ఖరీదైన నాణేల్లో, ధర ఎగిరే గ్రేడ్‌ల దగ్గర, లెక్క ఎక్కువే చూపిస్తుందనుకోండి. చవక నాణేల్లో తిరకాసు ఇంకో వైపు. గ్రేడింగ్ ఫీజు కూడా రాని నాణేన్ని ఎవరు పంపుతారు? కాబట్టి తక్కువ గ్రేడ్‌లో "రెండే ఉన్నాయి" అని ఎవరైనా ఊరిస్తే లొంగొద్దు. కొత్త నాణేల్ని టోకుగా పంపేవాళ్ళు కనీస గ్రేడ్ ముందే చెప్పేస్తారు, దానికి అందనివి స్లాబ్ కాకుండా వెనక్కి వచ్చేస్తాయి, లెక్కలోకే రావు. అందుకే 70లు కుప్పలుగా, 67లు అరుదుగా కనిపిస్తాయి.

అసలు గ్రేడ్ అయినవే లెక్క, ఉన్నవన్నీ కాదు. న్యూ ఓర్లీన్స్ టంకశాల 1903 మోర్గాన్ డాలర్ ఎంతో అరుదైనదని అందరూ నమ్మేవారు. 1962లో ప్రభుత్వ ఖజానా నుంచి సంచులకు సంచులు బయటికొచ్చాక ధర కుప్పకూలింది. 1913 లిబర్టీ నికెల్ (అమెరికా ఐదు సెంట్ల నాణెం) సంగతి వేరు. ఉన్నవి ఐదే, ఒక్కోటీ ఎవరి చేతుల్లోంచి ఎవరికి వెళ్ళిందో రాసిపెట్టి ఉంది. అలాంటివాటికి రిపోర్ట్‌తో పనే లేదు.

పెద్ద మొత్తం పెట్టేముందు పాత వేలంపాటల ఫొటోలు తీసి చూడండి. అదే గ్రేడ్‌లో అమ్ముడైన నాణేల గీతలు, మచ్చలు పోల్చుకుంటూ పోతే ఒకే నాణెం వేర్వేరు నంబర్లతో మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. విడివిడిగా ఎన్ని తేలితే అదే మీ లెక్క. పాత లేబుల్ ఏదైనా చేతికొస్తే పారేయకుండా కంపెనీకి పంపండి. పంపేముందు రెండు వైపులా ఫొటో తీసుకోండి, ఫోన్‌లో మాట్లాడినవాళ్ళ పేరు రాసిపెట్టుకోండి, మొదటి మెయిల్‌లోనే గ్రేడింగ్ విభాగానికి పంపమని అడగండి.